పాస్ ఓవర్ అడిగిన అమ్మాయి

నల్లకోటు అల్మారాలో వేలాడదీసి కొంతకాలమైంది. ఇప్పుడు నా పనల్లా పొద్దున్నే తార్నాక నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడిచి వెళ్లి, లా కాలేజీ ముందున్న రాతి అరుగు మీద కాసేపు కూర్చుని తిరిగి రావడం. నన్ను గుర్తుపట్టే పిల్లలు ఇంకా కొందరున్నారు. కొత్తగా బార్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్లు పక్కన చేరి, "సార్, మీరు గెలిచిన పెద్ద కేసు ఏంది?" అని అడుగుతారు. గెలిచిన కేసుల గురించి చెప్పడానికి ప్రతి వకీలుకూ కావలసినంత ఓపిక ఉంటుంది. వినేవాళ్లకే ఉండదు. అందుకని నేను పెద్దగా నోరు విప్పని కేసు ఒకటి చెబుతాను. అందులో గెలిచానో ఓడానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ రోజుల్లో నాకు పగలు కోర్టు, సాయంత్రం క్లాసు. క్యాంపస్ లా కాలేజీలో సాయంత్రం తరగతులకు పార్ట్‌టైమ్‌గా పాఠం చెప్పేవాణ్ని. నాకు అప్పగించిన పేపరు వృత్తిధర్మం. మిగతా లెక్చరర్లంతా వద్దనుకున్నాక మిగిలిన పేపరు అది. పిల్లలకూ దాని మీద పెద్ద గౌరవం లేదు. చివరి బెంచీల్లో ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన ఉద్యోగులు హాయిగా కునుకు తీసేవాళ్లు. వాళ్లను నేను లేపేవాణ్ని కాదు, నా పాఠం కంటే వాళ్లకు ఆ నిద్రే అవసరమని తెలుసు కాబట్టి.

వకీలు అనేవాడు అసలెక్కణ్నుంచి వచ్చాడు అన్న దగ్గర మొదలుపెట్టేవాణ్ని. పాత రోమ్‌లో ఇంకొకరి తరఫున మాట్లాడేవాడు ఫీజు తీసుకోకూడదని చట్టం చేశారని చెబితే క్లాసంతా జాలిపడేది. ఇంగ్లండులో ఒకప్పుడు చిన్నాచితకా నేరాలకు వకీలును పెట్టుకోవచ్చు గానీ, ఉరిశిక్ష పడే నేరం మోపితే మాత్రం నీ తరఫున ఎవరూ వాదించడానికి వీల్లేదు, నువ్వే చెప్పుకో అనేవాళ్లు. ఇది చెబితే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. మన దగ్గర నిజాం కాలంలో వకీళ్లు ఉర్దూలో వాదించారు. ఆ వాదనలు పోయాయి, వకాల్తా, బెయిలుకు జమానత్ అన్న మాటలు మనకు మిగిలాయి. దొరల మీద తిరగబడ్డ రైతుల తరఫున నిలబడ్డ వకీళ్లున్నారు. దొరల తరఫున నిలబడ్డవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఒకే బార్ రూములో చాయ్ తాగారు. స్వాతంత్ర్య ఉద్యమంలో కోటు విప్పి పారేసినవాళ్లున్నారు, వాళ్లు వదిలేసిన క్లయింట్లను చప్పుడు చేయకుండా అందుకున్నవాళ్లూ ఉన్నారు. ఇంత చరిత్రలో వకీలుకు పూర్తిగా మంచి పేరు వచ్చిన కాలం ఒక్కటీ నాకు దొరకలేదు. ఊరంతా అసహ్యించుకునే మనిషి పక్కన నిలబడి మాట్లాడే పని ఒకటి ప్రతి కాలంలోనూ ఉండింది. ఆ పని మనది. మంచి పేరు రాకపోవడానికి సగం కారణం అదే. మిగతా సగం మన స్వయంకృతం.

పరీక్షలో రాని పాఠం ఇంకొకటి కూడా చెప్పేవాణ్ని. కోర్టులో గుమాస్తా కేసు నంబరు పిలుస్తాడు. ఆ కేసు వకీలు పక్క హాల్లో ఉండొచ్చు, ముషీరాబాద్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి ఉండొచ్చు. అప్పుడు హాల్లో కూర్చున్న ఏ నల్లకోటైనా లేచి "పాస్ ఓవర్ సర్" అంటే చాలు, ఆ కేసును పక్కనపెట్టి కాసేపయ్యాక మళ్లీ పిలుస్తారు. లేచినవాడికి ఆ కేసుతో ఏ సంబంధమూ ఉండక్కర్లేదు. పొద్దున తిట్టుకున్నవాడి కేసుకైనా సరే లేస్తాం. ఇది ఏ చట్టంలోనూ లేదు, మనలో మనకున్న మర్యాద. కేసు పిలిచాక ఎవరూ పలక్కపోతే, బోనులో నిలబడ్డవాడు హాలంతా ఒకసారి చూస్తాడు. ఆ చూపు మీ దాకా రాకముందే లేవండి అని చెప్పేవాణ్ని. పాఠం మధ్యలో ఉన్నట్టుండి ఏదో ఒక నంబరు గట్టిగా పిలిచి, ఎవరు ముందు లేస్తారో చూసేవాణ్ని. ఆ ఆటలో ఎప్పుడూ ఒక అమ్మాయే ముందు లేచేది. పల్లెటూరి నుంచి వచ్చి, క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్లో ఉండి చదువుకునేది. చదువు పూర్తయ్యాక తార్నాకలోనే చిన్న గది అద్దెకు తీసుకుని, ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరింది.

హాస్టల్లో ఆమెతోపాటు ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదువుతుండేది. ఒకనాటి పొద్దున ఆ స్నేహితురాలిని క్యాంపస్ రోడ్డు మలుపులో నీళ్ల ట్యాంకర్ గుద్దింది. ఆస్పత్రికి చేర్చేసరికి ప్రాణం ఉంది. తండ్రి ఊరి నుంచి రైలెక్కి మల్కాజ్‌గిరిలో దిగేసరికి లేదు.

ఆ తండ్రి మా అత్తగారి ఊరి రైతు. ఆ పరిచయంతోనే నా దగ్గరికి వచ్చాడు. సర్కారు తరఫున వాదించడానికి పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉంటాడు, బాధితుల తరఫున పక్కన కూర్చుని ఆయనకు సాయపడటం నా పని. వకాల్తా మీద సంతకం పెట్టి, ఆయన నన్ను రెండే రెండు కోరికలు కోరాడు.

"సార్, గా డ్రైవర్ బయటికి రావద్దు. పొల్లను రోడ్డు మీద పడేసి ఉరికిండంట, మనిషేనా వాడు? ఇంకొకటి, నా బిడ్డను దవాఖానకు ఎవరో పుణ్యాత్ముడు తీస్కపోయిండు. గాయన ఎవరో జర తెలుసుకోండ్రి. ఒక్కసారి దండం పెట్టుకుంట."

ఆస్పత్రి కాగితాల్లో 'దారిన పోయే మనిషి తెచ్చాడు' అని మాత్రమే ఉంది. నేను అక్కడా ఇక్కడా వాకబు చేశాను, తేలలేదు. ఆయన మాత్రం ఊరి నుంచి వచ్చినప్పుడల్లా డ్రైవర్ సంగతి తర్వాత, ముందు ఆ మనిషి సంగతే అడిగేవాడు. "దొరికిండా సార్?" అనేవాడు. లేదని చెప్పడానికి నాకు ప్రతిసారీ కష్టంగా ఉండేది.

డ్రైవర్ది లాలాపేట్. ఆ రోజే ఇంటి దగ్గర అరెస్టయ్యాడు. మామూలుగా ఇలాంటివాటిని నిర్లక్ష్యంగా నడిపిన కేసుగా రాస్తారు, దానికి స్టేషన్లోనే బెయిలు వస్తుంది. విద్యార్థులు వెళ్లి తార్నాక చౌరస్తాలో బైఠాయించారు. సాయంత్రానికి పోలీసులు సెక్షన్ పెంచేశారు. మనిషి చావొచ్చని తెలిసీ అలా నడిపాడనీ, గుద్ది పారిపోయాడనీ రాశారు. కేసు మా కోర్టుకు వచ్చింది. అది వచ్చేలోపే మా వకీళ్ల సంఘం మీటింగు పెట్టింది.

సంఘం అధ్యక్షుడు నాకంటే చిన్నవాడు, మా కాలేజీలోనే చదివాడు. "మన క్యాంపస్ పిల్ల అన్నా. మన కోర్టుల వానికి ఎవ్వలు వకాల్తా వెయ్యొద్దు. గీమాత్రం చెయ్యకుంటే మనం ఉన్నా లేనట్టే" అన్నాడు. చేతులన్నీ లేచాయి. అధ్యక్షుడితో సహా అక్కడ చేతులెత్తినవాళ్లలో చాలామందికి వృత్తిధర్మం పాఠం చెప్పింది నేనే. తండ్రి వకాల్తా నా దగ్గర ఉంది కాబట్టి అందులో నేను మాట్లాడటం మర్యాద కాదు. బయటికి వచ్చి చాయ్ తాగాను. ఆ రోజు చాయ్ బాగా కుదిరింది.

వకీలు లేని ముద్దాయికి సర్కారు ఖర్చుతో ఒకరిని ఇవ్వాలి. ఆ జాబితాలో ఉన్నవాళ్లూ మా సంఘంవాళ్లే. మొదట పేరు వచ్చినాయనకు ఉన్నట్టుండి జ్వరం తగిలింది, రెండో ఆయనకు నడుము నొప్పి పట్టుకుంది. అడిగేవాడు లేక డ్రైవర్ జైల్లోనే ఉండిపోయాడు. నా క్లయింటు కోరిక ఒకటి నా ప్రయత్నమేమీ లేకుండానే తీరుతున్నది.

ఇక అసలు రోజు. ప్రాసిక్యూటర్ పక్కన నేను, నా వెనక తండ్రి కూర్చున్నాం. గుమాస్తా నంబరు పిలిచాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు డ్రైవర్‌ను తెచ్చి బోనులో నిలబెట్టారు. హాల్లో నల్లకోట్లు కిక్కిరిసి ఉన్నాయి, ఒక్కరూ తలెత్తలేదు. కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు, కొందరు పైనున్న ఫ్యాన్ చూస్తున్నారు. గుమాస్తా రెండోసారి పిలిచాడు. డ్రైవర్ మెల్లగా హాలంతా ఒకసారి చూశాడు.

వెనక వరసలోంచి "పాస్ ఓవర్ సర్" అన్న గొంతు వినిపించింది.

వెనక్కి తిరిగి చూస్తే ఆ అమ్మాయి. చేతిలో ఇంకేదో కేసు ఫైలు, పెన్ను టోపీ ఇంకా పళ్ల మధ్యే ఉంది. తన సీనియర్ కేసు కాగితాలు చదువుకుంటూ, నంబరు ఎవరిదో పట్టించుకోకుండా, పిలుపు తర్వాత నిశ్శబ్దం వచ్చేసరికి అలవాటు కొద్దీ లేచేసింది. క్లాసులో లేచినట్టే.

జడ్జిగారు తక్కువ మాట్లాడే మనిషి. కళ్లద్దాలు సర్దుకుని అడిగారు. "ముద్దాయి తరఫునా అమ్మా?"

అప్పుడు చూసింది ఆమె బోనువైపు. ఆ మొహాన్ని పేపర్లో చూసింది, టీవీలో చూసింది, హాస్టల్ గేటు దగ్గర తగలబెట్టిన ఫ్లెక్సీ మీద చూసింది. పక్కనున్న కుర్రవకీలు ఆమె గౌను పట్టుకుని కిందికి లాగుతున్నాడు. హాలంతా ఆమె కూర్చుంటుందనే ఎదురుచూసింది. నేనూ అంతే.

"హాజరు రాసుకోవచ్చా?" అని అడిగారు జడ్జిగారు.

ఆమె పళ్ల మధ్య ఉన్న పెన్ను టోపీ తీసింది. "రాసుకోండి సర్" అంది.

కేసు మధ్యాహ్నానికి వాయిదా పడింది. వరండాలో అధ్యక్షుడు ఆమెను పట్టుకున్నాడు. "తెల్వక లేచినవ్ గదమ్మా. గలతీ అయిందని జడ్జిగారికి చెప్పు, అయిపోతది. ఎవ్వరేం అనరు" అని నచ్చజెప్పాడు. నిజానికి ఆయన మంచిగానే చెప్పాడు. ఆమె ఆయనకు జవాబు చెప్పకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఏం చేయమంటరు?"

"నన్నడక్కూడదు. నేను అవతలి పక్షం వకీలుని."

"వకీలుని అడుగుతలేను సార్. మా సార్‌ని అడుగుతున్న."

"ఇద్దరికీ నోరు ఒకటే ఉంది. నేనేం చెప్పినా తప్పే అవుతుంది."

ఆమె గోడకు ఆనుకుంది. తర్వాత తనలో తాను చెప్పుకుంటున్నట్టుగా అంది. "కూసుందామనే అనుకున్న సార్. కానీ ఒకసారి లేచి నిలబడ్డంక, ఆయన నన్ను చూసిండు. మల్ల కూసుంటే ఆయన మొఖం ఎట్లయితదో చూడబుద్ధి కాలె."

మధ్యాహ్నం ఆమె వకాల్తా వేసింది. ఆ తర్వాత బెయిలు అడిగింది. మేం శాయశక్తులా అడ్డుపడ్డాం, అది నా పని. జడ్జిగారు బెయిలిచ్చారు.

ఆ వారంలోనే ఆమె సీనియర్ తన ఫైళ్లు వేరే చోట పెట్టుకోమన్నాడు. బార్ రూములో ఆమె వచ్చి కూర్చోగానే ఆ బల్ల ఖాళీ అయ్యేది. లేడీస్ హాస్టల్ ముందు ఆమె పేరుతో పోస్టర్లు వెలిశాయి. ఒకప్పుడు ఆమెతో కలిసి మెస్సులో కూర్చుని తిన్న పిల్లలే అవి రాశారు. సంఘం సంజాయిషీ అడిగింది. ఆమె ఒక్క వాక్యం రాసిచ్చిందట, కేసు పిలిచారు, ఎవరూ లేవలేదు, లేచాను అని.

వీటన్నిటికంటే తండ్రి బాధ పెద్దది. ఆయనకు ఆ అమ్మాయి కొత్త కాదు. కూతురు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆమెనూ వెంటపెట్టుకుని పోయేది. "నా ఇంట్ల జొన్నరొట్టె తిన్నది సార్. ఇద్దరు ఒకే చాప మీద పండుకునేటోళ్లు. మీ దగ్గర చదివిన పిల్లే గదా, మీరు చెప్తే ఇంటది" అన్నాడు. చెప్పడం నాకు తగదని వివరించాను. ఆయనకు అర్థం కాలేదు, కావాలని నేను ఆశించనూ లేదు. "అయితే నేనే అడుగుత" అన్నాడు.

ఒక ఆదివారం ఆయన్ని ఈ అరుగు దగ్గరికే తీసుకొచ్చాను. అమ్మాయి వచ్చి ఎదురుగా నిలబడింది, కూర్చోలేదు.

"పైసలకా బిడ్డా?"

"కాదు బాపూ."

"మరెందుకు? దాన్ని నెత్తుట్ల పడేసి పోయినోని దిక్కు నిలబడ్డవ్. నేనేమో దాన్ని దవాఖానకు ఎత్తుకపోయినాయన కోసం ఊరూరు తిరుగుతున్న. గాయనకున్న మనసు నీకు లేకపాయె."

ఆ మాట వినగానే ఆమె చివాల్న తలెత్తింది. నోరు తెరిచి ఏదో చెప్పబోయింది. నా మొహం చూసింది, మళ్లీ తల దించుకుంది. తప్పు చేసినదానిలా ఉందనుకున్నాను. తండ్రి లేచి, చెప్పులు వేసుకుని, గేటు వైపు నడిచిపోయాడు. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సార్, పాఠంలోని ముచ్చట ఒకటి అడుగుత. క్లయింట్ చెప్పిన మాట ఎప్పటిదాక దాయాలె?"

"అతను చెప్పొచ్చు అనే దాకా."

"ఆ మాటతోని ఇంకొకరి పాణం తేలిక అయితదంటే గూడ?"

"అయినా సరే. చెప్పుకున్నవాడి నమ్మకం ముందు."

పరీక్ష పేపరుకు జవాబు చెప్పినట్టు తేలిగ్గా చెప్పాను. ఆమె సరే సార్ అని, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. అప్పుడు నేను ఎవరి నోరు ఎవరికోసం కట్టేశానో నాకు తెలియదు.

సాక్ష్యాలు మొదలయ్యాయి. మా ముఖ్య సాక్షి క్యాంపస్‌లో జ్యూస్ బండి నడిపే మనిషి. గుద్దిన చప్పుడుకు తిరిగి చూస్తే, డ్రైవర్ ట్యాంకర్ వదిలేసి ఉరుకుతున్నాడని చెప్పాడు. ఇంతకాలం అందరం నమ్మింది కూడా ఆ ఒక్క మాటే. ఆమె క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచింది.

"ఎటు దిక్కు ఉరికిండు?"

"తార్నాక దిక్కు మేడం."

"మీరేం చేసిండ్రు?"

"నేను హాస్టల్ దిక్కు ఉరికిన. వాచ్‌మన్‌ను పిలుద్దామని."

"తిరిగొచ్చేసరికి?"

"పిల్ల లేదు. ఎవరో తీస్కపోయిండ్రు అప్పటికే."

"అంటే ఇద్దరూ ఉరికిండ్రు. మీరు సాయం కోసం ఉరికిండ్రు. ఆయన ఎందుకు ఉరికిండో మీకు తెలుసా?"

ఆ మనిషి తల గోక్కున్నాడు. "నాకెట్ల తెలుస్తది మేడం."

నేను ప్రాసిక్యూటర్ మొహం చూశాను, ఆయన నా మొహం చూశాడు. అప్పటికి కూడా మాకు పూర్తిగా వెలగలేదు.

మా సాక్షులు అయిపోయాక ఆమె ఒక్కరినే పిలిపించింది. లాలాపేట్ అడ్డాలో ఆటో నడిపే నడివయసు మనిషి. ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు, కోర్టు మెట్లెక్కడం మొదటిసారని చూస్తేనే తెలుస్తున్నది. ఆమె అడిగింది, ఆయన చెప్పాడు.

"పొద్దుగాల తార్నాక దిక్కు వస్తున్న మేడం. ఒకాయన రోడ్డుకు అడ్డంగ నిలబడి రెండు చేతులు జోడించిండు. ఆగకుంటే నా ఆటో కిందనే పడేటట్టు ఉండె. క్యాంపస్ లోపలికి తోల్కపోయిండు. పిల్లను ఎత్తుకొచ్చి పండవెట్టిండు, తల తన ఒళ్లె పెట్టుకున్నడు. దవాఖాన దాక గట్లనే ఉన్నడు."

"ఆయన ఇప్పుడు ఈ కోర్టులో ఉన్నడా?"

ఆటోడ్రైవర్ వేలెత్తి బోనువైపు చూపించాడు. "గాయనే."

హాల్లో గుసగుసలు లేచాయి. నా వెనక కూర్చున్న మనిషి ఊపిరి తీసుకోవడం కూడా నాకు వినిపించలేదు.

ఆమె మొహం తండ్రివైపు తిప్పలేదు. "పిల్ల ఏమన్న మాట్లాడిందా?" అని అడిగింది.

ప్రాసిక్యూటర్ సగం లేచాడు. ఆ ప్రశ్నకు అభ్యంతరం చెప్పవచ్చు, కేసుకు సంబంధం లేదనవచ్చు. చెప్పమంటావా అన్నట్టు నావైపు చూశాడు. మా పక్షానికి ఆ సాక్ష్యం చేటు చేస్తున్నదని ఇద్దరికీ తెలుసు. నేను తలూపేలోపు వెనకనుంచి ఒక చెయ్యి నా గౌను గట్టిగా పట్టుకుంది.

"ఆపకుండ్రి సార్. చెప్పనియ్యుండ్రి."

క్లయింటు మాట అది. ప్రాసిక్యూటర్‌కు వద్దని సైగ చేశాను, ఆయన కూర్చున్నాడు.

"మాట్లాడింది మేడం. నీళ్లడిగింది. మల్ల అన్నది, 'బాపుకు ఇప్పుడే చెప్పకుండ్రి, పరేషాన్ అయితడు. మంచిగైనంక నేనే చెప్త' అని. గీయన ఏడ్సుకుంట, చెప్పను బిడ్డా, చెప్పను అన్నడు."

తండ్రి ఏడవలేదు. నా గౌను వదిలేసి, ఎవరితోనూ కాకుండా అన్నాడు. "గంతే. అది గట్లనే అంటది. జ్వరమొచ్చినా చెప్పకపోయేది."

జడ్జిగారు కాసేపు కోర్టు ఆపారు. అందరం వరండాలోకి వచ్చాం. డ్రైవర్ ఒక మూల స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. తండ్రి అటు నడిచాడు. ఏం చేస్తాడోనని నేనూ వెనకే వెళ్లాను. ఎదురుగా నిలబడి చాలాసేపు ఆ మొహం చూశాడు. ఆయన బిడ్డను చంపిన మనిషి, ఆయన అన్నాళ్లుగా దండం పెట్టుకోవడానికి వెతికిన మనిషి, ఇద్దరూ ఒకే చొక్కాలో ఉన్నారు. ఆయన చేతులు రెండూ పైకి లేచాయి. సగం దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. దండం కాలేదు, దెబ్బా కాలేదు. డ్రైవర్ ఆ చేతుల ముందు అలాగే కిందికి జారి, మోకాళ్ల మీద తలపెట్టుకుని కూర్చున్నాడు. అంత బాధను నేను కోర్టుల్లో మరెక్కడా చూడలేదు, చూడాలని కూడా లేదు.

కాసేపటికి తండ్రి చేతులు దించుకున్నాడు. ఆ అమ్మాయి ఇంకో చివర గోడవైపు తిరిగి నిలబడి ఉంది. ఆమె దగ్గరికి వెళ్లాడు.

"నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకనే బాపూ."

"ఆదివారం నేను గన్ని మాటలన్ననాడు గూడ?"

ఆమె తలూపింది. "ఆయన చెప్పొద్దన్నడు. పిల్లను తీస్కపోయింది నేనే అంటే, బండి నడిపింది నేనే అని ఒప్పుకున్నట్టయితది గద. గా భయంతోనే దవాఖానల గూడ దారిన పోయేటోన్నని చెప్పి ఎల్లిపోయిండు. నడిపింది నేను కాదు అనమని అందరు చెప్పిండ్రు ఆయనకు, జైల్ల. మొన్ననే ఒప్పుకున్నడు, ఏమయితే గది అయితది, పిల్ల తండ్రికి తెల్వాలె అని."

"పొద్దున ఏమన్న తిన్నవా బిడ్డా?" అన్నాడు. పోస్టర్లకూ నోటీసులకూ చెక్కుచెదరని ఆ పిల్ల ఆ మాటకు బావురుమంది.

డ్రైవర్‌కు శిక్ష పడింది. మలుపులో వేగం తగ్గించకపోవడం అతని తప్పే, ఆ మాట నేను ఇప్పటికీ అంటాను. ఆమె కూడా కాదనలేదు. పెద్ద సెక్షన్ కొట్టేసి, నిర్లక్ష్యానికి జైలు వేశారు. పై కోర్టుకు వెళదామా అని తండ్రిని అడిగాను. చాలు సార్ అన్నాడు. రైలెక్కించడానికి మల్కాజ్‌గిరి స్టేషన్‌కు నేనే వెళ్లాను. బండి వచ్చే ముందు ఆయన అడిగాడు.

"గా పిల్ల ఆనాడు లేవకపోతే, నా బిడ్డ ఆఖరి మాట నాకెట్ల తెలుస్తుండె సార్?"

ఆయన వకీలును నేను. ఆయన కోరిన రెండింటిలో ఒక్కటీ నావల్ల కాలేదు. రెండోది ఎదుటి పక్షం వకీలు తెచ్చి ఇచ్చింది. అన్నేళ్లు ఆ పేపరు చెప్పినవాణ్ని, రైలు వస్తున్నది అని మాత్రం అన్నాను.

సంఘం ఆ తీర్మానాన్ని రద్దు చేసిన గుర్తు నాకు లేదు. దాని గురించి మాట్లాడటం మానేశారంతే, మన సంఘాల్లో రద్దు అంటే అదే. ఈమధ్య కొత్త వకీళ్లకు వృత్తిధర్మం మీద నాలుగు మాటలు చెప్పమని ఆమెనే పిలిచారు. పిలిచింది ఆ అధ్యక్షుడే. ఆమె వెళ్లి ఏం చెప్పిందో నాకు తెలియదు, నన్ను పిలవలేదు.

అరుగు మీద నా పక్కన కూర్చునే పిల్లలు ఈ కథంతా విని, చివరికి చరిత్రలో వకీలు పాత్ర ఏమిటని పరీక్షలో వస్తే ఏం రాయాలి సార్ అంటారు. ఏం రాసినా పాసవుతారు, ఆ పేపరులో ఎవరూ తప్పరు. రేపు మీరు హాల్లో కూర్చున్నప్పుడు ఒక నంబరు పిలుస్తారు. ఎవరూ పలకరు. ముందు లేవండి. కేసు ఎవరిదో తర్వాత చూసుకోవచ్చు.